రాని లారీ నేర్పిన లెక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొన్ని మాటలు పలకడానికి వీల్లేదు. బియ్యం అయిపోతే 'లేవు' అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోతే కొండెక్కింది అనాలి. ఎవరైనా బయలుదేరుతుంటే ఎక్కడికని అడగకూడదు. ఏదైనా పని మొదలుపెట్టేటప్పుడు అది జరగకపోతే ఏం చేస్తారని అసలే అడగకూడదు. మేము ఆదివారం తప్పకుండా చర్చికి పోయే కుటుంబమే. ఇలాంటి పట్టింపులు వద్దని పాస్టరుగారు చెబుతూనే ఉండేవారు. మా అమ్మ భక్తిగా ఆమెన్ అని, ఇంటికొచ్చి ఖాళీ డబ్బా చూసి ఉప్పు నిండుకుందనే చెప్పేది. ఆళ్ళగడ్డలో మా వీధి వీధంతా అంతే. హిందువులు, ముస్లింలు, మేము, అందరం ఈ ఒక్క విషయంలో ఒకే మతంవాళ్ళం.

ఈ పట్టింపు అందరికంటే మా నాయనకు ఎక్కువ. ఆయనకు ఊరి బయట కొద్దిపాటి బుడ్డల చేను ఉండేది. వేరుశనగను మా వైపు బుడ్డలంటాం. విత్తనం వేసిన సాయంత్రమే పంట ఇంటికి వచ్చినట్టు మాట్లాడేవాడు. వాన పడకపోతే ఎలాగని ఎవరైనా అన్నారంటే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అక్కడినుంచి లేచిపోయేవాడు. మంచి మనిషి, గట్టిగా నవ్వే మనిషి, నలుగురికీ పెట్టి తినే మనిషి. కానీ చెడ్డమాట నోట పలికితేనే చెడు జరుగుతుందని, పలకకపోతే అది మన గడప తొక్కదని ఆయన గట్టి నమ్మకం.

ఆ ఇంట్లో ఈ కట్టుబాటును లక్ష్యపెట్టని మనిషి మా అత్త ఒక్కతే. అత్త అంటే మా నాయనకు సొంత అక్క. పెళ్ళి చేసుకోలేదు. నంద్యాలలో ఒక బడిలో లెక్కలు చెప్పేది. ఎండాకాలం సెలవులకు ఒక నల్ల గొడుగు, ఒక చిన్న రేకుపెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేది. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె నోట ఒకటే ప్రశ్న. పొయ్యి వెలిగించబోతే కట్టెలు తడిసి ఉంటే అనేది. బస్సుకు పోతుంటే బస్సు రాకపోతే అనేది. విసుగుతో అనేది కాదు, కోపంతోనూ కాదు. పిల్లలు పొడుపుకథ వేసినట్టు నవ్వుతూ అడిగేది. పెద్దవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆమె వచ్చిందంటే ఇల్లు కాస్త పెద్దదైనట్టు ఉండేది.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం అది. నాకు లెక్కలంటే పిచ్చి. ఇంటర్‌లో లెక్కల గ్రూపే తీసుకోవాలని పట్టుబట్టి కూర్చున్నాను. అది మా ఊళ్ళో లేదు, నంద్యాలకు పోవాలి. రోజూ బస్సులో పంపడానికి నాయన ఒప్పుకోలేదు. అత్త ఉండేది బడివాళ్ళు టీచర్లకిచ్చే ఒంటిగదిలో, అక్కడ ఇంకొకరిని ఉండనివ్వరు. హాస్టల్లో పెట్టి చదివించడానికి ఆ ఏడు మా చేతిలో ఏమీ లేదు, ఉన్నదంతా ఇంటికి బండలు వేయించడానికి పెట్టేశాడు. నంద్యాలలో ఒక ఆడపిల్లల కాలేజీ వాళ్ళు పరీక్ష పెట్టి, బాగా రాసిన కొద్దిమందికి హాస్టలు, చదువు ఉచితంగా ఇస్తారని అత్త కబురు తెచ్చింది. పరీక్షంతా లెక్కలే. ఆ సీటు వస్తేనే నా చదువు.

వస్తాదిలే అన్నాడు నాయన, అంతటితో ఆయన వైపు మాట అయిపోయింది. రాకపోతే ఏమవుతుందో ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. చెప్పకపోయినా నాకు తెలుసు. మా పెద్దమ్మ ఇంట్లో ఒక కుట్టుమిషను మూలన పడి ఉందని, దానిమీద నేర్చుకుంటే ఆడపిల్లకు మంచిదని అమ్మ ఒకటి రెండుసార్లు ఊరికే అన్నట్టు అంది. ఎవరూ పలకని ఆ మాట నా కడుపులో రాయిలా కూర్చుంది. అన్నం ముందు కూర్చున్నా అదే, పడుకున్నా అదే.

అత్త నన్ను వసారాలో కూర్చోబెట్టి రోజూ లెక్కలు ఇచ్చేది. నేను మా బడిలో అందరికంటే చురుకు, ఆ సంగతి నాకు బాగా తెలుసు కూడా. బీజగణితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని కొట్టేయడం. ఈ వైపు ఒక ఎక్స్, ఆ వైపు ఒక ఎక్స్ కనిపిస్తే చాలు, రెండిటి మీదా అడ్డంగా గీత గీసేసేదాన్ని. చేలో కలుపు పీకినంత హాయిగా ఉండేది. ఒకరోజు అత్త ఈ లెక్క ఇచ్చింది:

x² = 5x

నేను రెండు వైపులా ఒక్కో ఎక్స్ కొట్టేసి, ఎక్స్ అంటే ఐదు అని రాసి, పెన్సిలు కింద పెట్టేశాను. అత్త చూసింది. టిక్కు పెట్టబోయి, సగం గీసి చెయ్యి ఎత్తేసింది. మొదట కిందికి దిగే చిన్న గీత ఉంటుందే, అంతవరకే. పైకి పోయే పొడుగు గీత లేదు.

తప్పా అని అడిగాను. తప్పు కాదంది. ఒప్పా అని అడిగాను. ఒప్పు కాదంది. ఐదుని ఐదుతో గుణించి చూపించాను, రెండు వైపులా ఇరవై అయిదు వచ్చింది. ఇంకేం కావాలని మూతి ముడుచుకున్నాను. అత్త గొడుగు కర్రతో నేలమీద తడుతూ అంది:

"ఇంగొకరు బయటే నిలబడుకోని ఉండారు. నువ్వే తలుపేసినావ్."

అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తర్వాత అలాంటి లెక్కలు ఎన్ని ఇచ్చిందో. ప్రతిదానికీ నేను ఠపీమని జవాబు రాయడం, ఆమె సగం టిక్కు పెట్టి నవ్వడం. నాకు ఒళ్ళు మండేది. జవాబు చూసుకుంటే సరిపోతుంది, అయినా టిక్కు పూర్తి కాదు. పరీక్ష దగ్గర పడుతోంది. ఇన్ని సగాలు కలిపితే సీటు వస్తుందా అని ఏడుపు కూడా వచ్చేది. అమ్మతో చెప్పుకుంటే, మీ అత్త ఎప్పుడూ అంతే, అన్నం కూడా సగం వడ్డించి అడిగించుకునేదని నవ్వేసింది.

ఇంతలో బండల రోజు వచ్చింది.

అప్పటిదాకా మా ఇంట్లో మట్టినేల. అమ్మ వారం వారం పేడతో అలికేది. బేతంచెర్ల బండలు పరిపించుకోవాలని ఆమెకు పెళ్ళయిన నాటి నుంచి కోరిక. నాయన బేతంచెర్ల పోయి బండలు చూసి, మాట్లాడి వచ్చాడు. పరిచే పని మా వీధి చివర ఉండే సాయబు మేస్త్రీకి ఒప్పజెప్పాడు. నేను ఆయన్ను మేస్త్రీ మామ అనేదాన్ని. నాయనకు ఆయన మంచి స్నేహితుడు, అందుకే ఇద్దరూ ఎప్పుడూ ఏదో ఒకదానిమీద వాదులాడుకుంటూనే ఉండేవాళ్ళు. ఈసారి వాదం లారీ మీద. ఒక లారీకి మూడువందల బండలు ఎక్కుతాయని నాయన. రెండువందలు దాటితే లారీ కొండల్లో ఘాటు రోడ్డు ఎక్కదని మేస్త్రీ మామ. టీ అంగట్లో, మసీదు ముందర, మా అరుగు మీద, ఎక్కడ కలిస్తే అక్కడ ఇదే గొడవ. వీధి రెండుగా చీలిపోయింది. సగం మంది మూడువందల వైపు, సగం మంది రెండువందల వైపు. ఎన్ని లారీలొచ్చినా సరే, దించేటప్పుడు అందరి ముందరా లెక్కపెట్టి తేల్చుకుందామని చివరికి ఒప్పందానికి వచ్చారు.

బండలు దించే రోజు, దించినవాళ్ళకూ ఇరుగుపొరుగుకూ భోజనం పెట్టడం మా వైపు మర్యాద. నాయన వీధంతటికీ చెప్పాడు. అమ్మ, నేను, పక్కింటి అక్క తెల్లవారకముందే లేచి పని మొదలుపెట్టాం. కొర్ర సంగటి, కోడికూర, ఓళిగలు, అంటే బొబ్బట్లు. వంట పొయ్యిలు వీధిలోనే, ఎందుకంటే ఇంట్లో చోటు లేదు. లారీ రాగానే ఒక్క నిమిషం కూడా ఆగకుండా పరిచేయాలని నాయన ఇంటి సామానంతా వీధిలోకి మోయించాడు. మంచాలు, ధాన్యం గాదె, రేకుపెట్టెలు, అమ్మ పెళ్ళినాటి నల్ల ఇనప్పెట్టె, అన్నీ వేపచెట్టు కింద వరసగా నిలబడ్డాయి. ఇద్దరు కూలీలు గడ్డపారలతో ఇంటి నేల తవ్వడానికి సిద్ధమయ్యారు.

సరిగ్గా అప్పుడే అత్త గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ముందు లారీ రానీరా. వచ్చినాక తవ్వుకుందువు. రాకపోతే ఏం జేస్తావ్?"

పొయ్యి దగ్గర అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. పక్కింటి అక్క మూడుసార్లు తు తు అంది. నాయన ముఖం ఎర్రబడింది. సొంత అక్క కాబట్టి గట్టిగా అరవలేడు, అరవకుండా ఉండనూ లేడు.

"ఏందక్కా ఆ మాట. మంచిపని మొదులు పెడతాంటే రాకపోతే అంటావా. వస్తాదని చెప్పినారు, వస్తాది."

అత్త గొడుగు ముడిచి, పోయి ఇనప్పెట్టె మీద కూర్చుంది. గడ్డపారలు దిగాయి. ఒక గంటలో మా ఇల్లు లోపల దున్నిన చేనులా తయారైంది.

పొద్దు నెత్తికెక్కింది. లారీ రాలేదు. మధ్యాహ్నం వీధివాళ్ళు చేతులు కడుక్కుని వచ్చారు, బండలు దిగకుండా భోజనం ఎలా అని మొహమాటపడి తిరిగి వెళ్ళారు. నాయన నంద్యాల రోడ్డు దాకా పోయి నిలబడి వచ్చేవాడు, మళ్ళీ పోయేవాడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా వచ్చే ప్రతి బస్సునూ లారీ అనుకునేవాడు. కూర రెండుసార్లు వెచ్చబెట్టాం. ఎవరి మనసులో మాట వాళ్ళకే ఉంది, పైకి అనడానికి ఎవరికీ నోరు రావడం లేదు. వచ్చేస్తుంటుంది, దారిలో ఉంటుంది, డ్రైవరు అన్నానికి ఆగి ఉంటాడు అని ఒకరికొకరు చెప్పుకుంటున్నాం. పొద్దు వాలేసరికి నాయన వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. అంత గట్టిగా మాట్లాడే మనిషి తల వంచుకుని తువ్వాలు కొసలు మెలిపెడుతున్నాడు. నాకు ఆయన్ను చూస్తే దుఃఖం వచ్చింది. వీధంతా మా సామాను చుట్టూ నిలబడి ఉంది.

అత్త నన్ను పిలిచింది. ఆమె రేకుపెట్టెలో ఎప్పుడూ సుద్దముక్కలు ఉండేవి. ఒకటి తీసి, నల్ల ఇనప్పెట్టె పక్కన వంగి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసింది:

300x = 200x

ఎక్స్ అంటే లారీలు అంది. మీ నాయన లెక్క ఈ పక్క, మేస్త్రీ లెక్క ఆ పక్క. రెండూ సమానం కావాలంటే ఎన్ని లారీలు రావాలో చెప్పమంది.

అంతమంది ముందర లెక్క చేయమంటే నాకు హుషారు వచ్చింది. సుద్దముక్క తీసుకుని ఈ పక్క ఎక్స్, ఆ పక్క ఎక్స్ కొట్టేశాను. మూడువందలు ఈక్వల్టు రెండువందలు అని మిగిలింది. చూసుకుని బిక్కమొహం వేశాను. లెక్క తప్పు అత్తా, మూడువందలూ రెండువందలూ ఎట్లా సమానమైతాయి అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తలలు ఊపారు. మేస్త్రీ మామ అయితే అందుకేగదా ఇన్నాళ్ళూ కొట్టుకుంటాండేది అన్నాడు.

లెక్క తప్పు లేదంది అత్త. తర్వాత నాయన వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, చిన్నపిల్లవాణ్ణి అడిగినట్టు అడిగింది, ఈ పొద్దు ఎన్ని లారీలు వచ్చినాయిరా అని.

నాయన తల ఎత్తి రోడ్డు వైపు చూశాడు, తవ్విన ఇంటివైపు చూశాడు, ఇనప్పెట్టె మీది అంకెల వైపు చూశాడు. నేను పుట్టిన తర్వాత ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

"ఒగటి గూడా రాల్యా."

మేస్త్రీ మామకే ముందు వెలిగింది. తొడ చరుచుకుని, "అన్నా, అట్లయితే నువ్వు చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే గదా" అన్నాడు. రాని లారీకి మూడువందలు ఎక్కినా సున్నానే, రెండువందలు ఎక్కినా సున్నానే. నాయన ఆయన్ను కాసేపు తేరిపార చూశాడు. మీసం కింద పెదవి వణికింది. కోపం అనుకున్నాను, నవ్వు. మొదట చిన్నగా, తర్వాత కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. వీధంతా నవ్వింది. అమ్మ కూడా గరిటె పట్టుకునే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళ వాదం లారీ రాకుండానే తీరిపోయిందని, దానికైనా భోజనం చేయాలని మేస్త్రీ మామ అందరినీ కూర్చోబెట్టాడు. మంచాల మధ్య, పెట్టెల మధ్య, వీధిలోనే విస్తళ్ళు వేశాం. అంత రుచిగా మా అమ్మ వంట మళ్ళీ ఎప్పుడూ కుదరలేదంటే ఆమె ఒప్పుకునేది కాదు గానీ, నాకు మాత్రం అదే గుర్తు.

వడ్డన అయ్యాక అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మిగతాది చెప్పింది. కొట్టేయడమంటే రెండు వైపులా ఆ ఎక్స్‌తో భాగించడమే. సున్నాతో భాగించడం కుదరదు. అంటే నువ్వు ఎక్స్‌ను కొట్టేసిన ప్రతిసారీ, ఎక్స్ సున్నా కాదని నీకు నువ్వే అనేసుకుంటున్నావు. లెక్కలో ఆ మాట ఎక్కడైనా రాసి ఉందా? లేదు. లారీ వచ్చి తీరుతుందని మీ నాయన ఇల్లు తవ్వించినట్టే నువ్వూ తవ్వించేస్తున్నావు. కొట్టేసే ముందు ఇది సున్నా అయితే ఏమిటని ఒక్కసారి అడుగు, చాలు.

చేతికి అంటిన కూర కూడా కడుక్కోకుండా లేచి నా కాగితాల కోసం పరుగెత్తాను. ఐదుని ఐదుతో గుణిస్తే ఐదు అయిదులే, నిజమే. కానీ సున్నాని సున్నాతో గుణిస్తే సున్నా, ఐదు సున్నాలు కూడా సున్నానే. బయట నిలబడుకుని ఉన్నది సున్నా. ప్రతి జవాబు పక్కనా 'లేదా సున్నా' అని రాసుకుంటూ, అత్త వదిలేసిన పొడుగు గీతలన్నీ నేనే గీసుకున్నాను.

మర్నాడు ఒక బస్సు కండక్టరు కబురు తెచ్చాడు. లారీకి దారిలో యాక్సిల్ విరిగిందట, బాగుచేయించుకుని రేపో మాపో వస్తుందట. ఆ రేపో మాపో సాగుతూ పోయింది. మా కాపురం వేపచెట్టు కిందే. నేను ధాన్యం గాదెకు ఆనుకుని చదువుకున్నాను. వీధిలో పోయే ప్రతివాళ్ళూ ఆగి, ఈ పొద్దు ఎక్స్ ఎంత అని అడిగి పోయేవాళ్ళు. అత్త నా పరీక్షకు ముందే నంద్యాల వెళ్ళిపోయింది.

పరీక్ష రోజు నాయన నన్ను బస్టాండుకు తీసుకుపోయాడు. పక్కింటి అక్కకు నంద్యాలలో పని ఉండి నాకు తోడు వస్తోంది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి. కుట్టుమిషను కళ్ళముందే తిరుగుతోంది. నాయన కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. వస్తాదిలే అంటాడని ఎదురుచూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. పక్కవాళ్ళు వింటారేమోనని అటూ ఇటూ చూసి, కిటికీకి దగ్గరగా వచ్చాడు.

"మే పాపా, సీటు రాకపోతే ఏమైతాది?"

నాకు నమ్మశక్యం కాలేదు. బస్సు కదలబోతున్న వేళ, బయలుదేరుతున్న పిల్లను పట్టుకుని, మా నాయన అడుగుతున్న మాట అది. నేను నోరు తెరిచేలోపు ఆయనే చెప్పాడు.

"ఇంటికొస్తావ్. అంతే గదా. మన ఇల్లు యాడికీ పోదు. సామాను బయట ఉండాది గానీ, ఇల్లు ఆడనే ఉంటాది."

బస్సు కదిలింది. నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియలేదు. పక్కింటి అక్క కొంగుతో నా ముఖం తుడిచింది. కడుపులో ఇన్నాళ్ళుగా కూర్చున్న రాయి నంద్యాల చేరేలోపు ఎక్కడ జారిపోయిందో, ఎంత వెతుక్కున్నా కనిపించలేదు.

పరీక్షలో ఒక ప్రశ్న ఇలా ఉంది: ఒక సంఖ్య వర్గం ఆ సంఖ్యకు ఏడు రెట్లు. ఆ సంఖ్య ఏది? నా చెయ్యి అలవాటు కొద్దీ కొట్టేయడానికి పోయింది, మధ్యలో ఆగింది. సున్నా అయితే? సున్నా వర్గం సున్నా, సున్నాకు ఏడు రెట్లూ సున్నా. సరిపోయింది. ప్రశ్న ఒక్క సంఖ్యనే అడుగుతోంది. అడిగినవాళ్ళు సున్నాను తలుచుకోలేదేమో అనిపించింది. అయినా ఏడు, సున్నా రెండూ రాశాను.

మధ్యాహ్నం ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి నోటి ప్రశ్నలు అడిగారు. గదిలో ముగ్గురు టీచర్లు ఉన్నారు. మధ్యలో కూర్చున్న పెద్ద టీచరమ్మ కళ్ళద్దాల మీదుగా నా జవాబు కాగితం చూసి, ఒక సంఖ్య అడిగితే రెండు రాశావేమ్మా అంది. పెన్సిలు నా ముందుకు జరిపి, ఒకటి కొట్టేసి ఇవ్వమంది. గొంతులో కరుకుదనం ఏమీ లేదు. నాకు సాయం చేస్తున్నట్టే అంది.

పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను. సున్నాను కొట్టేస్తే ఆమెకు కావలసిన జవాబు మిగులుతుంది. ఒక్క గీత చాలు. కానీ ఇనప్పెట్టె పక్కన తల ఎత్తిన నాయన ముఖం కళ్ళముందు నిలిచింది. పెన్సిలు బల్లమీద పెట్టేశాను.

"రెండూ ఉంటాయి టీచర్. దేన్ని కొట్టేసినా తప్పే అయితాది."

సున్నా కూడా ఒక జవాబేనా అని ఆమె అడిగింది. నాకు మంచి భాష, మర్యాద భాష అంతా మర్చిపోయి మా వీధి మాటే వచ్చేసింది.

"లారీ రాని దినం గూడా దినమే గదా టీచర్."

ఏ లారీ అని ముగ్గురూ ఒకేసారి అడిగారు. ఇక చెప్పక తప్పలేదు. బండలు, మూడువందలు, రెండువందలు, తవ్విన ఇల్లు, వీధిలో సంగటి, ఒక్కటీ వదలకుండా చెప్పాను. నేల తవ్వేసిన చోటికి వచ్చేసరికి చివర కూర్చున్న టీచరు బల్లమీద తల పెట్టి నవ్వుతోంది. పెద్ద టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇంతకీ లారీ వచ్చిందా అని అడిగింది. ఇంకా రాల్యా టీచర్ అన్నాను. మళ్ళీ నవ్వులు. అవి తగ్గాక ఆమె ప్రశ్నపత్రం ముందుకు తీసుకుని ఆ ప్రశ్నను నిదానంగా చదువుకుంది. 'ఆ సంఖ్య ఏది' అన్నచోట కొట్టేసి, పైన 'ఆ సంఖ్యలేవి' అని రాసుకుంది. నన్ను పొమ్మంది.

లారీ ఆ తర్వాత వచ్చింది. వీధంతా చేరి లెక్కపెడితే రెండువందల యాభై బండలున్నాయి. నాదే దగ్గరని నాయన, నాదే దగ్గరని మేస్త్రీ మామ, మళ్ళీ మొదలుపెట్టారు. సగం ఇంట్లో బండలు పరిచి ఉండగా అత్త గొడుగు వేసుకుని నంద్యాల నుంచి వచ్చింది. సీటు సంగతి ఏమైందని నాయన అడిగాడు. ఆమె చెప్పకుండా, రాకపోతే అంది నవ్వుతూ. రాకపోతే కొత్త బండలు ఊడ్చుకుంటా ఇంట్లో ఉంటాదిలే అన్నాడు నాయన, ఆయన కూడా నవ్వుతూనే. అయితే ఊడ్చేదానికి వేరే ఎవరినైనా చూసుకో అంది అత్త. అమ్మ తడి బండల మీదే నన్ను వాటేసుకుంది. మేస్త్రీ మామ బండలు కదుల్తాయని మొత్తుకున్నాడు. ఆ గుమ్మం దగ్గరి బండ ఇప్పటికీ కాస్త ఊగుతుంది.

తర్వాత నేనూ లెక్కల టీచరునే అయ్యాను. సగం టిక్కుల టీచరని పిల్లలు వెనక పేరు పెట్టారు, ఆ పేరు నాకు ఇష్టమే. ప్రశ్నపత్రం తయారుచేసిన ప్రతిసారీ ఒక్కో లెక్క దగ్గర ఆగి, ఇక్కడ సున్నా వస్తే ఏమవుతుందని చూసుకునేదాన్ని. సున్నా రాకూడదంటే ఆ మాట ప్రశ్నలోనే రాసేదాన్ని. పిల్లలు మనసులో ఊహించుకోవాల్సిన పని పెట్టలేదు. అది అత్త ఇచ్చింది. నాయన ఇచ్చింది వేరే ఉంది.

మొన్న నా మనవరాలు పెద్ద పరీక్షకు బయలుదేరింది. ఇంట్లో అందరూ తప్పకుండా వస్తుంది, వచ్చి తీరుతుంది అని ఒకటే దీవెనలు. పిల్ల చెప్పులు వేసుకుంటూ నేలచూపులు చూస్తోంది. ఆ చల్లబడిన చేతులు నాకు తెలుసు. దగ్గరికి పిలిచి, రాకపోతే ఏమైతాది మే అని అడిగాను. మా కోడలు నన్ను మింగేసేలా చూసింది. పిల్ల తల ఎత్తింది. ఒక పెద్ద ఊపిరి వదిలింది. "ఇంటికొస్తా, అంతే గదా అవ్వా" అంది, నవ్వింది. నేను మనసులో ఒక టిక్కు పెట్టుకున్నాను, పొడుగు గీతతో సహా.